గొట్టం మాట్లాడిన మధ్యాహ్నాలు

"చప్పుడొస్తోంది, చూడు."

మా ఆయన పొద్దున్నే నాతో అనే మొదటి మాట అది. లేచావా అని కాదు, నడుం నొప్పి ఎలా ఉందని కాదు. ముందుగదిలో చేపల తొట్టి గుడగుడమందంటే చాలు, పడకగదిలోంచి ఆ మాట వచ్చి పడేది. పొయ్యి మీద పాలు పొంగడానికి వచ్చినా, తల సగం దువ్వుకుని ఉన్నా, ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళేదాన్ని. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని తొట్టి మూలనున్న అరలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టేదాన్ని. అక్కడ ఏ నత్తపిల్లో గొట్టం మూతికి అడ్డం పడి ఉండేది, లేకపోతే నాచు ముక్క. దాన్ని తీసి పారేసి, కింద చెక్క బీరువా తలుపు తెరిచి, మోకాళ్ళ మీద వంగి, వాల్వు చక్రాన్ని రవ్వంత తిప్పితే చప్పుడు ఆగేది. ఆగాక ఆయన మళ్ళీ మాట్లాడేవారు కాదు. వచ్చే చప్పుడికి పేరు పెడతారు గానీ ఆగిన చప్పుడికి ఎవరు మాత్రం ఏమంటారు?

తొట్టి సంగతి కాస్త చెప్పాలి. నేను చదివింది అయిదో తరగతి, నాకు వచ్చినట్టే చెబుతాను. పైన పెద్ద అద్దాల తొట్టి, నేను రెండు చేతులూ చాచినా అందనంత పొడుగు. దాని కింద బీరువా, బీరువాలో ఇంకో తొట్టి. దాన్ని సంపు అనేవాళ్ళం. పై తొట్టిలో నీళ్ళు నిండి మూల అరలోకి పొర్లుతాయి. అరలోంచి పెద్ద గొట్టం గుండా కింద సంపులోకి దిగుతాయి. అక్కడ మురికి వదిలించుకున్నాక మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. పైకి, కిందికి, పైకి, కిందికి. ఇంటి చాకిరీ లాగే, ఎక్కడా అయిపోయిందని కూర్చునే చోటు ఉండదు. దిగే గొట్టంలోకి నీళ్ళతో పాటు గాలి దూరిందా, గుడగుడ మొదలు. ఆ గాలి సంపులో బుడగలై, మోటారులో పడి నలిగి, సన్నటి నురగై పైకి వస్తుంది. అప్పుడు తొట్టి నీళ్ళల్లో ఎవరో పాలు ఒలకబోసినట్టుంటుంది. అందులో చేపలు దారి తప్పినవాళ్ళలా తిరుగుతుంటాయి.

ఇదంతా నాకెలా తెలుసంటే, తొట్టి బిగించిన రోజున టార్చి పట్టుకున్నది నేను. గొట్టాలాయన బీరువాలోకి తల దూర్చి మా ఆయనకే చెబుతున్నాడు. ఆయన పైనుంచి "ఊఁ, ఊఁ" అంటున్నారు. "చూడండి సార్, పెద్ద గొట్టం నిండుగా పారాలి. నిండుగా ఉంటే గాలికి చోటుండదు, చప్పుడూ ఉండదు. అందుకే ఈ వాల్వు. కాస్త మూస్తే అరలో నీళ్ళు లేచి గొట్టం నిండుతుంది, కాస్త తెరిస్తే గాలి పీలుస్తుంది. గొట్టం మూతి సంపు నీళ్ళలో వేలెడు మునగాలి. మోటారుకి ముందు ఈ స్పాంజి ముక్క అడ్డం ఉంచండి, బుడగలు దీంట్లో చిక్కుకుంటాయి." అప్పుడు మా ఆయన పక్కనున్న రెండో గొట్టాన్ని చూపించి, "ఇది ఎందుకు? ఊరికే ఖాళీగా ఉంది" అన్నారు. "ఖాళీగానే ఉండాలి సార్. పెద్దదానికి అడ్డం పడితే నీళ్ళు దీంట్లోంచి దిగుతాయి. దీని మూతి సంపు నీళ్ళకి పైనే ఉంచాను. ముంచకూడదు. దిగేటప్పుడు ఇది అరవాలి. అరిస్తేనే గదా ఇంట్లోవాళ్ళకి తెలిసేది, పెద్దదానికి ఊపిరాడట్లేదని."

"అర్థమైంది" అన్నారు మా ఆయన. టార్చి పట్టుకున్న నా చెయ్యి గుంజుతోంది. అర్థమైంది నాకే.

మొదటివారంలో ఆయనే చెయ్యి పెట్టారు. మణికట్టు మీద ఎర్రగా ఏదో లేచింది. దోమ కుట్టిందో ఏమో, అది ఎవరికి తెలుసు? "నా చేతులకి ఈ నీళ్ళు పడవు" అని తేల్చేశారు. అంతే, అరగంట స్నానం చేసే మనిషికి ఆ నీళ్ళు మాత్రం జీవితాంతం పడకుండా పోయాయి. నా చేతులకి పడతాయా అని ఎవరూ అడగలేదు గనక నాకు పడ్డట్టే. వేళ్ళ సందులు పగిలి, చింతపండు పిసికితే చురుక్కుమనేది. కొబ్బరినూనె రాసుకుందామంటే, "నూనె చేతులు తొట్టిలో పెట్టకు, నీళ్ళ మీద తేలుతుంది" అనేవారు. మానేశాను.

ఎవరొచ్చినా ముందు తొట్టి దగ్గరికే తీసుకెళ్ళేవారు. "ఎంత నిశ్శబ్దంగా ఉందండీ! మా ఇంట్లోది అయితే ఒకటే గోల" అని వాళ్ళంటే, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "గాలి పోనివ్వకూడదు సార్. చాలా ఓపిక కావాలి. ఎన్నో ప్రయోగాలు చేశాక గానీ సాధించలేకపోయాను" అనేవారు. ఒకసారి ఒకావిడ నా వైపు తిరిగి, "మీకూ చేపలంటే సరదాయేనా అండీ?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఆవిడకి తెలిసిన చేప పెనం మీదిది." అందరూ నవ్వారు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నేనూ నవ్వాను. అప్పటికి నా జాకెట్టు చెయ్యి మోచేతి దాకా ఇంకా తడిగానే ఉంది.

ఆ ఇంటికి మా చెల్లెలు వచ్చింది. దాన్ని అందరం చిన్నది అనేవాళ్ళం. మా అమ్మ పోయేనాటికి దానికి పాలపళ్ళు కూడా ఊడలేదు, పెంచింది నేనే. పెళ్ళి చేసుకోలేదు. పరుపులు కుట్టే చోట పనిచేసేది. దూది ఏకడం, గుడ్డలో కూరడం, పెద్ద సూదితో టాకాలు వేయడం. దాని జుట్టు మీద ఎప్పుడూ తెల్లగా దూది నూగు ఉండేది, ముసలితనం ముందే వచ్చిందనుకునేవారు. ఆ నూగంతా లోపలికీ పోయింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పాక, మెట్లెక్కి తన గదికి వెళ్ళలేక, ఒక సంచీ పట్టుకుని వచ్చింది. "ఊరందరికీ పరుపులు కుట్టాను గదే అక్కా, ఒక మంచం వెయ్యవే" అంది గుమ్మంలోనే నవ్వుతూ.

గాలి వచ్చేది ముందుగదిలోనే. తొట్టి ఎదురుగా, కిటికీ పక్కన మడతమంచం వేశాను. పడుకుంటే దానికి ఊపిరాడేది కాదు, మూడు దిండ్లు పెట్టుకుని ఆనుకుని కూర్చునేది. ఊపిరి తీస్తుంటే లోపల గురగురమనేది. మా ఆయన మొదటిరోజే అన్నారు. "ఒక గుడగుడతో చస్తుంటే ఇంకోదాన్ని తెచ్చిపెట్టావు." చిన్నది విన్నది. విని, "బావగారూ, నాకూ ఒక వాల్వు పెట్టించండి మరి" అంది. ఆయన నవ్వలేదు. మేమిద్దరం వంటింట్లోకి వెళ్ళాక నోరు మూసుకుని నవ్వుకున్నాం. అది నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే నాకు భయమేసేది. అయినా నవ్వించకుండా ఉండలేకపోయేదాన్ని.

ఆ తొట్టిలో లావుపాటి చేప ఒకటుండేది. ఎప్పుడూ మూల కూర్చుని, నోరు తెరుస్తూ మూస్తూ, మిగతావాటికి పనులు పురమాయిస్తున్నట్టుండేది. చిన్నది దానికి బావగారని పేరు పెట్టింది. ఒకరోజు, "అక్కా, బావగారు ఇవాళ ఏం తినలేదే" అని గట్టిగా అంటే, లోపల్నుంచి మా ఆయన, "తిన్నానే! ఇందాకే గదా తిన్నాను" అన్నారు. దిండులో మొహం దాచుకుంది పాపం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

పొద్దున నేను తొట్టి పని చేస్తుంటే అది చూసేది. దానికి చెవులు చురుకు. నేను బీరువాలో తల పెట్టి వాల్వు తిప్పుతుంటే మంచం మీంచి దారి చూపించేది. మాట్లాడితే ఆయాసం గనక చేత్తోనే చెప్పేది. చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పితే, ఇంకొంచెం తిప్పమని. అరచెయ్యి విప్పి చూపిస్తే, చాలు, ఆపమని. దాని అరచెయ్యి విప్పుకునేసరికి గొట్టం ఎప్పుడూ సద్దుమణిగేది. ఒక్కసారి కూడా తప్పలేదు. అన్నేళ్ళు ఒక్కదాన్నే చేసిన పనికి తోడు దొరికింది. అద్దంలోంచి, నీళ్ళలోంచి, చేపల్లోంచి దాని చెయ్యి కనబడుతుంటే, నా పెళ్ళయ్యాక నా పనిని ఎవరైనా చూడడం అదే మొదలని తెలిసి, బీరువాలో తల పెట్టుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే కాసేపు ఉండిపోయాను. "ఏమైందే? ఇరుక్కుపోయావా?" అంది. "ఆఁ, ఇరుక్కుపోయాను" అన్నాను.

ఒక మధ్యాహ్నం అడిగింది. మా ఆయన భోంచేసి పడుకున్నారు. "అక్కా, ఒక్కసారి ఆ చప్పుడు రానివ్వవే."

"ఎందుకే, దాన్ని ఆపడానికేగా నేను చచ్చేది."

"ఈ ఇంట్లో మధ్యాహ్నం ఎవరూ మాట్లాడరు. నువ్వు పని చేసుకుంటూ ఉంటావు, బావగారు నిద్రపోతారు. నాకు నా ఊపిరే వినిపిస్తూ ఉంటుంది, భయమేస్తుంది. ఆ గొట్టం గుడగుడమంటే పక్కన ఎవరో కూర్చుని కబుర్లు చెబుతున్నట్టుంటుంది. నాది అందులో కలిసిపోతుంది."

వాల్వు కాస్త తెరిచాను. గొట్టం గాలి పీల్చి సణుగుడు మొదలుపెట్టింది. చిన్నది కళ్ళు మూసుకుని, "చూడు, ఎవరి మీదో చాడీలు చెబుతోంది" అంది. అలా వింటూ వింటూ నిద్రపోయింది. దగ్గు లేకుండా, కదలకుండా. నేను కింద కూర్చుని దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఆయన లేచే వేళకి వాల్వు మూసేశాను. అప్పట్నుంచి రోజూ అదే. మధ్యాహ్నం గొట్టానికి మాట్లాడే వేళ. దొంగతనంగా మాట్లాడుకునే వేళ.

అంతలో చేపలు పెంచేవాళ్ళ సంఘం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి తొట్లు చూస్తారని, మా ఇంటికీ వస్తారని కబురొచ్చింది. మా ఆయనకి కాళ్ళు నేల మీద నిలవలేదు. తొట్టి ముందు నిలబడి వెనక్కి తిరిగి చూస్తే మంచం. మంచం మీద మనిషి. మందుల వాసన, ఉమ్మేసుకునే గిన్నె. నాతో ఏమీ అనలేదు, వాళ్ళ చెల్లెల్ని పిలిపించారు. మా ఆడపడుచు వచ్చి నా చెయ్యి పట్టుకుని మెత్తగానే చెప్పింది. "వదినా, అన్నయ్యకి ఉన్నది ఆ ఒక్క సరదా. మనిషి మంచాన పడి ఎదురుగా ఉంటే ఎవరు చూస్తారు చెప్పు చేపల్ని? రోగిష్ఠి మనుషులకి వేరే చోట్లు ఉన్నాయి. నీకు మాత్రం చాకిరీ తగ్గదూ?" నా చాకిరీ గురించి ఆ ఇంట్లో ఎవరైనా తలచుకోవడం అదే మొదలు. అదీ చిన్నదాన్ని పంపేయడానికి పనికొచ్చింది గనక.

ఆయన చోటు కూడా చూసి పెట్టుకున్నారు. "ఆస్పత్రి లాంటిదే. ఆయమ్మలుంటారు, ఊపిరి మిషను ఉంటుంది. ఇక్కడేముంది, నువ్వు తప్ప?"

నేను తప్ప. నిజమే గదా అనుకున్నాను.

"అయితే నేనూ కొన్నాళ్ళు దానితో ఉంటాను" అన్నాను.

"తొట్టి ఎవరు చూస్తారు?"

అన్నం ఎవరు వండుతారనైనా అంటారనుకున్నాను. అది కూడా అనలేదు. చిన్నది మంచం మీంచి, "వెళ్తాలే అక్కా. అక్కడ పరుపులు ఎవరు కుట్టారో చూస్తాను" అంది. సంచీ నేనే సర్దాను. దాని దువ్వెనలో ఇంకా దూది నూగు ఉంది. రిక్షాలో కూర్చోబెడుతుంటే నా చెవిలో చెప్పింది. "బావగారికి ఎక్కువ మేత వెయ్యకే. ఇప్పటికే ఒళ్ళు కదలట్లేదు." నవ్వించి వెళ్ళింది ముండ.

సంఘం వాళ్ళు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. మడతమంచం అటక మీదికి వెళ్ళింది.

ఆ చోటు బస్సులో వెళ్ళాల్సినంత దూరం. వారానికోసారి వెళ్ళనిచ్చేవారు, అదీ తొట్టి పని అయ్యాక వెళ్ళి, చీకటి పడకముందే రావాలి. పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు, కిటికీలోంచి చూస్తే ఎదురుగా గోడ. పరుపు చేత్తో నొక్కి చూసి, "దూది కాదే ఇది, గుడ్డపేలికలు" అంది చిన్నది. అక్కడ ఒక ఆయమ్మ మంచిది. మధ్యాహ్నం తన ఫోను ఇచ్చేది. మా ఆయన నిద్రపోయే వేళ చూసుకుని చిన్నది ఫోను చేసేది.

"ఏం తిన్నావే?"

"ఏదో పెట్టారులే. అక్కా, అది బాగుందా?"

అది అంటే గొట్టం. బీరువా తలుపు తెరిచి, వాల్వు కాస్త వదిలి, ఫోను లోపల పెట్టేదాన్ని. పెట్టి నేనూ తల అక్కడే ఆన్చుకుని కూర్చునేదాన్ని. గొట్టం సణిగేది. ఫోనులోంచి దాని ఊపిరి గురగురమనేది. రెండూ కలిసి ఎవరో ఇద్దరు ముసలాళ్ళు అరుగు మీద కబుర్లాడుకుంటున్నట్టుండేవి. కాసేపటికి ఆయమ్మ గొంతు మెల్లగా వచ్చేది. "నిద్రపోయిందమ్మా. పెట్టేస్తున్నా." అప్పుడు వాల్వు మూసేదాన్ని.

బుడగలకి దాపరికం తెలియదు. మధ్యాహ్నం వదిలిన గాలి సాయంత్రం దాకా నీళ్ళలో తెల్లగా తేలుతూనే ఉండేది. స్పాంజిలు కడిగాను, ఇంకోటి అడ్డం పెట్టాను. అయినా కనిపెట్టారు. "మధ్యాహ్నం ఎందుకు పాలలా అవుతున్నాయి? పొద్దున బాగానే ఉంటున్నాయే." భూతద్దం పెట్టి చూశారు, మోటారుని తిట్టారు. చివరికి గొట్టాలాయన్ని పిలిపించారు. అతను వాల్వు దగ్గర వేలు పెట్టి తడిమి, "ఎవరో తిప్పుతున్నారు సార్" అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడం అతని మంచితనం.

"నువ్వేనా?" అన్నారు మా ఆయన.

"దుమ్ము తుడుస్తుంటే కదిలిందేమో."

"ఇక ఎవరూ కదపకుండా జిగురు పెట్టి బిగించేయండి."

గొట్టాలాయన లేచి నిలబడ్డాడు. "అలా వద్దండీ. లోపల నాచు పేరుకుంటుంది, నత్తలు చేరతాయి, రోజుకో రకంగా ఉంటాయి నీళ్ళు. మనిషి చెయ్యి పడుతూనే ఉండాలి దీనికి."

"నువ్వు బిగిస్తావా, ఇంకొకర్ని పిలవనా?"

బిగించాడు. చక్రం ఊడదీసి మా ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని సొరుగులో వేసుకుని, తొట్టికి చెవి పెట్టి విని, ఎంతో దయగా నాతో అన్నారు. "చూశావా, చీమ చిటుక్కుమనడం లేదు. నీకూ పని తప్పింది."

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. బీరువాలో పెట్టాను. నీళ్ళు నూనెలా జారుతున్నాయి. చిన్నది, "అక్కా, ఏం వినిపించట్లేదే" అంది. "ఉండవే, తిప్పుతున్నాను" అన్నాను. వంటింట్లోకి పరిగెత్తి గ్లాసుడు నీళ్ళు తెచ్చి, కూల్‌డ్రింకు తాగే గొట్టం ఒకటి అందులో పెట్టి, ఫోను పక్కన కూర్చుని ఊదాను. బుడబుడమంది. కళ్ళు తిరుగుతున్నా ఊదుతూనే ఉన్నాను. అవతల్నుంచి ఏమీ వినిపించలేదు. నిద్రపోయిందేమో అనుకుంటుంటే, మెల్లగా అంది.

"అక్కా, ఆ గొట్టానికి ఆయాసమొస్తోంది. కాస్త ఆగి ఊపిరి తీసుకోమను."

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఇద్దరం నవ్వాం. ఎవరు ముందు ఏడ్చామో తెలియదు.

"నాకు అదొక్కటే కావాలి గదే" అంది. "ఊరికే... పక్కన ఎవరో ఉన్నట్టు."

ఇంకో వారం గడిచాక ఆయమ్మే ఫోను చేసింది. "అమ్మా, రాగలిగితే రండి. మీ పేరే పలవరిస్తోంది. ఇక ఎక్కువ రోజులు కాదు." నేను చీర మార్చుకుని, సంచీ తీసుకుని ముందుగదిలోకి వచ్చాను. మా ఆయన తొట్టి ముందు కుర్చీలో ఉన్నారు.

"చిన్నదాని దగ్గరికి వెళ్తున్నాను. ఉంటాను అక్కడే."

"ఎన్నాళ్ళు? తొట్టి..."

"బిగించేశారుగా" అన్నాను. "ఇక నా చెయ్యి అక్కర్లేదుగా."

నా పెళ్ళినాటి నుంచీ ఆయన మాటకి ఎదురు చెప్పిందాన్ని కాను. అదీ ఎదురు చెప్పడం కాదు. ఆయన చేసిన పనే ఆయనకి గుర్తుచేశాను. ఆయన నోరు తెరిచి మూశారు. చెప్పులేసుకుంటుంటే, ఆ లావు చేప గుర్తొచ్చి, ఆ బాధలోనే పెదవి బిగబట్టుకోవాల్సి వచ్చింది.

చిన్నది సగమైపోయింది. ముక్కు మీద మిషను మూత, దాని కింద గురగుర. నన్ను చూసి కళ్ళతో నవ్వింది. దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. జుట్టు దువ్వాను. దువ్వెనకి ఇక నూగు లేదు. రాత్రి గడిచింది, తెల్లారింది, మళ్ళీ మధ్యాహ్నమైంది. ఆ హాల్లో అందరూ నిద్రపోయే వేళ. దాని ఊపిరొక్కటే వినిపిస్తోంది. అది కళ్ళు తెరిచి భయంగా నా వైపు చూసింది. మూత పక్కకి జరిపి, "అక్కా, చప్పుడు" అంది.

ఆయమ్మ మూత మళ్ళీ సర్ది, గ్లాసు తెచ్చిచ్చింది. ఊదుదామంటే నాలో గాలి లేదు. ఊదిన ప్రతిసారీ ఏడుపే వస్తోంది. "ఉండవే తల్లీ, ఉండు, తిప్పుతున్నాను" అంటున్నాను, నీళ్ళు దుప్పటి మీద ఒలుకుతున్నాయి. దాన్ని పెంచిందాన్ని. పోయేముందు అది అడిగింది బుడగల చప్పుడు. అది కూడా ఇవ్వలేకపోతున్నాను.

అప్పుడు నా ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావు?" మా ఆయన అరుస్తున్నారు. "ఇల్లంతా నీళ్ళు! పెద్ద గొట్టంలో ఏదో అడ్డం పడ్డట్టుంది, ఆ రెండోది మొదలుపెట్టింది. బీరువాలోంచి చిమ్ముతోంది. వాల్వు తిరగట్లేదు. వెంటనే బయల్దేరు!"

ఆయన గొంతు వెనక ఇంకో గొంతు. నాకు వెంటనే తెలిసింది. ఎన్నడూ నోరెత్తని ఖాళీ గొట్టం, మూతి నీళ్ళకి పైన పెట్టుకుని, గొట్టాలాయన ఎలా అరవాలన్నాడో అలా అరుస్తోంది. గుడగుడ కాదు, గలగల కాదు, ఒక ఊరంతా కలిసి మాట్లాడుతున్నట్టుంది.

"ఏమండీ" అన్నాను, "ఫోను కాస్త బీరువాలో పెట్టండి."

"ఎందుకు?"

"నేను వినాలి."

నా చెవుల మీద ఆయనకి ఎప్పుడూ నమ్మకమే. మారు మాట్లాడకుండా పెట్టారు. నేను ఫోను చిన్నదాని చెవికి ఆన్చాను.

దాని కనుబొమలు విడిపోయాయి. మొహంలో భయం ఎటు పోయిందో పోయింది. పెదవులు కదిలాయి. నా చెవి దగ్గరగా పెట్టి వింటే, "ఎంతమంది ఉన్నారే అక్కా" అంటోంది. "అందరం ఉన్నాం" అన్నాను. దాని ఊపిరి ఆ చప్పుడులో కలిసిపోయింది, ఏది ఏదో నాకే తెలియలేదు. దుప్పటి మీద దాని చూపుడువేలు మెల్లగా గుండ్రంగా తిరిగింది. ఇంకొంచెం. మళ్ళీ తిరిగింది. ఇంకొంచెం. నా చెయ్యి తనంతట తానే గాల్లో లేని వాల్వుని తిప్పుతోంది. కాసేపటికి ఆ వేలు ఆగింది. అరచెయ్యి విప్పుకుంది.

ఒక్క గొట్టం చప్పుడే మిగిలింది.

ఆయమ్మ వచ్చి వంగి చూసి, ముక్కు మీది మూత తీసింది. నా భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. చిన్నదాని చెవి దగ్గర్నుంచి ఫోను తీయడానికి నాకు మనసొప్పలేదు. అందులోంచే ఆయన గొంతు వచ్చింది.

"విన్నావా?"

"విన్నామండీ" అన్నాను.

"మరి ఏం చేయమంటావు? నువ్వు ఎప్పుడొస్తావు?"

ఇన్నేళ్ళలో ఏం చేయాలని ఆయన నన్ను అడగడం అదే మొదలు. విప్పుకుని ఉన్న ఆ అరచెయ్యి నా చేతిలో ఇంకా వెచ్చగానే ఉంది.

"నేను రాను" అన్నాను. "చేతులు తడుపుకోండి."